స్పీకింగ్ టెస్టులో నా ఉద్యోగం గురించి అడిగితే రెండు వాక్యాలకే ఆగిపోతున్నాను

ఊదామూత (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను హాస్పిటల్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ఆరేళ్లుగా ఇదే పని. వచ్చే నెలలో ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష) రాయబోతున్నాను. రీడింగ్, లిజనింగ్ పర్వాలేదు, రైటింగ్ నెట్టుకొస్తాను. టెన్షనంతా స్పీకింగ్ దగ్గరే. పర్యావరణం గురించో సెల్‌ఫోన్ల గురించో అడిగితే ఏదో ఒకటి మాట్లాడుతున్నాను. నా సొంత ఉద్యోగం గురించి అడిగితే మాత్రం నోరు పెగలడం లేదు.

ప్రాక్టీస్ కోసం నా ఫ్రెండ్ ఎగ్జామినర్‌లా ఎదురుగా కూర్చుని "వాట్ వర్క్ డూ యూ డూ?" అని అడుగుతుంది. నేను "ఐ యామ్ ఎ ల్యాబ్ టెక్నీషియన్. ఐ టెస్ట్ బ్లడ్ శాంపిల్స్" అంటాను. అంతే. ఆ తర్వాత తను నా మొహం చూస్తుంది, నేను తన మొహం చూస్తాను. "ఇంకా చెప్పు" అంటుంది. ఇంకా ఏం చెప్పాలి? రక్తం వస్తుంది, పరీక్ష చేస్తాం, రిపోర్టు ఇస్తాం. నిజానికి పొద్దున షిఫ్టులో ఊపిరి తీసుకోవడానికి కూడా టైమ్ ఉండదు, అంత పని ఉంటుంది. అదంతా అడిగిన క్షణంలో ఎక్కడికి పోతుందో తెలియదు.

మా ల్యాబ్‌లో మాట్లాడుకునేదంతా తెలుగే. పేర్లు మాత్రమే ఇంగ్లిష్‌వి. "ఆ ఈడీటీఏ క్లాట్ అయింది, మళ్లీ తీయించు", "సీరం హీమోలైజ్ అయింది", "పొటాషియం ఎక్కువొచ్చింది, వార్డుకి ఫోన్ చెయ్యి" ఇలా నడుస్తుంది. (ఈడీటీఏ అంటే రక్తం గడ్డకట్టకుండా మందు ఉండే ఊదారంగు మూత ట్యూబ్. హీమోలైజ్ అంటే ఎర్రకణాలు పగిలి సీరం, అంటే రక్తంలోంచి వేరుచేసిన ద్రవం, ఎర్రబారడం.) ఈ మాటలతో ఒక పూర్తి ఇంగ్లిష్ వాక్యం చెప్పాల్సిన అవసరం నాకు ఎప్పుడూ రాలేదు.

రెండు సందేహాలు ఉన్నాయి. ఇలాంటి టెక్నికల్ పదాలు వాడితే ఎగ్జామినర్‌కి అర్థమవుతాయా? వాడకపోతే వొకాబులరీ లేదనుకుంటారా? ఇంకొకటి, కోచింగ్‌లో ఒక పేరా రాసిచ్చారు. "ఐ యామ్ ఎ డెడికేటెడ్ అండ్ హార్డ్‌వర్కింగ్ ప్రొఫెషనల్" అని మొదలవుతుంది. కంఠతా వచ్చేసింది. కానీ చెబుతుంటే వేరే ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంది. దాన్నే చెప్పమంటారా?

ఉద్యోగం చేస్తూ ఈ పరీక్ష రాసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. నాకు స్పీకింగ్‌లో 9కి 7 బ్యాండ్ కావాలి.


సెవెన్‌కావాలి:

అక్కా, నాకు తెలిసిన ఒకాయన సింపుల్ చిట్కా చెప్పాడు. "డూ యూ వర్క్ ఆర్ ఆర్ యూ ఎ స్టూడెంట్?" అని అడగ్గానే స్టూడెంట్‌నని చెప్పెయ్యడమే. చదువు గురించి ప్రశ్నలు తేలిక. ఏ సబ్జెక్ట్, ఎందుకు ఇష్టం, అంతే కదా. నిజమా కాదా అని ఎవరూ చెక్ చెయ్యరు.


షిఫ్ట్ ఆపరేటర్:

ఊదామూత గారూ, నేను విద్యుత్ సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌ని. స్పీకింగ్‌లో 7.5 వచ్చింది. ఆ తర్వాత మా దగ్గర పరీక్షకు కూర్చునే వాళ్లకు సాయంత్రాలు ఎదురుగా కూర్చుని ప్రశ్నలు అడిగి ప్రాక్టీస్ చేయిస్తూ వచ్చాను. వెల్డర్లు, డ్రైవర్లు, అకౌంటెంట్లు, ఒక నర్సు. మీకున్న ఇబ్బంది వాళ్లందరిలోనూ చూశాను. బాగా పని వచ్చినవాళ్లకే ఇది ఎక్కువ. పని చేతికి అలవాటైపోతే ఇక దాని గురించి చెప్పడానికి ఏముందిలే అనిపిస్తుంది.

ముందు తమ్ముడు చెప్పిన చిట్కా సంగతి. నిజమే, ఎవరూ చెక్ చెయ్యరు. మార్కులు భాషకే, నిజానికి కాదు. కానీ స్టూడెంట్‌నంటే తర్వాతి ప్రశ్నలు ఏ కోర్సు, ఎందుకు ఎంచుకున్నారు, అందులో కష్టమైనదేది, అది అయ్యాక ఏం చేస్తారు అని వస్తాయి. ప్రతిదానికీ కథ అల్లాలి, అదే సమయంలో దాన్ని ఇంగ్లిష్‌లో చెప్పాలి. మొదటి నాలుగైదు నిమిషాల్లో గొంతు కుదురుకోవాల్సిన మనిషి నెత్తిన ఈ రెండు బరువులూ ఎందుకు? ఆరేళ్ల అనుభవం చేతిలో పెట్టుకుని దాన్ని దాచెయ్యడం నాకు అస్సలు నచ్చదు.

పరీక్ష మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. మొదటి భాగం 4-5 నిమిషాలు, అందులో ఇల్లు, ఉద్యోగం, చదువు, అభిరుచుల్లాంటి మామూలు విషయాలు. రెండో భాగంలో మాట్లాడాల్సిన విషయం రాసిన కార్డు ఇస్తారు, ఒక నిమిషం ఆలోచించుకోవచ్చు, ఆ తర్వాత రెండు నిమిషాల దాకా ఒక్కరే మాట్లాడాలి. మూడో భాగం మళ్లీ 4-5 నిమిషాల చర్చ. ఉద్యోగం మొదటి భాగంలోనే అయిపోతుందని అనుకోకండి. ఏ భాగంలోనైనా తగలొచ్చు.

మార్కులు నాలుగింటికి, నాలుగూ సమానమే: ఆగకుండా పొందికగా మాట్లాడటం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. మీ ఉద్యోగం ఎంత గొప్పది అన్నదానికి అందులో గడి లేదు. కంపెనీ నడిపే మనిషికీ, ఆ కంపెనీలో నేల తుడిచే మనిషికీ అదే కొలత. అందుకే "డెడికేటెడ్ ప్రొఫెషనల్" అన్న పేరా మీకు ఒక్క మార్కు కూడా తీసుకురాదు, పైగా చేటు చేస్తుంది. బట్టీ పట్టిన పేరా చెప్పేటప్పుడు వేగం మారుతుంది, గొంతు ఒకే స్థాయిలో సాగుతుంది. ఎగ్జామినర్లు అది ఇట్టే పట్టేస్తారు. వెంటనే మీరు ఊహించని ప్రశ్న ఒకటి వేస్తారు. అక్కడ మీ అసలు ఇంగ్లిష్ బయటకొస్తుంది, ఆ పేరాకీ దీనికీ ఉన్న తేడా పక్కపక్కనే వినిపిస్తుంది. ఆ కాగితం పక్కన పెట్టెయ్యండి.

ఇప్పుడు అసలు విషయం. మీరు రెండు వాక్యాలకు ఆగిపోవడానికి కారణం ఇంగ్లిష్ రాకపోవడం కాదనుకుంటున్నాను. మీరు హోదా చెబుతున్నారు. హోదా చెప్పాక ఇక చెప్పడానికి ఏమీ మిగలదు. నన్ను అడిగితే "ఐ మెయింటైన్ ద పవర్ సప్లై" అనొచ్చు. వాక్యం తప్పు కాదు. కానీ అక్కడితో తలుపు మూసుకుంటుంది. అదే ప్రశ్నకు నేను ఇలా చెబుతాను: "ఎవ్రీ అవర్ ఐ వాక్ అవుట్ టు ద ట్రాన్స్‌ఫార్మర్ అండ్ రైట్ డౌన్ ద ఆయిల్ టెంపరేచర్. దేర్స్ ఎ స్మాల్ గ్లాస్ జార్ ఆన్ ఇట్ ఫుల్ ఆఫ్ బ్లూ క్రిస్టల్స్. వెన్ దే టర్న్ పింక్, ఇట్ మీన్స్ దే హావ్ టేకెన్ ఇన్ టూ మచ్ మాయిశ్చర్, సో ఐ రిపోర్ట్ ఇట్."

మా భాషలో ఆ జాడీ పేరు బ్రీదర్, అందులోది సిలికా జెల్. ఆ రెండు పదాలూ నేను వాడలేదు చూడండి. వాడకుండానే ఆ వస్తువు ఎలా ఉంటుందో, ఎందుకుందో కళ్లకు కట్టింది. తెలియని మనిషికి తేలిక మాటల్లో విడమరిచి చెప్పగలగడం కూడా పదసంపద కింద కొలిచే నైపుణ్యమే. 7వ బ్యాండ్ వివరణలో ఆ సంగతి ఉంటుంది. కాబట్టి మీ మొదటి సందేహానికి నా జవాబు ఇది: టెక్నికల్ పదం వాడండి, కానీ వాడిన వెంటనే అదేమిటో పక్కింటి మనిషికి చెప్పినట్టు చెప్పండి. అలాంటి పదం ఒక జవాబులో ఒకటి చాలు. నాలుగు పేర్చితే ఎగ్జామినర్‌కి పేర్లు తప్ప మీ ఇంగ్లిష్ వినిపించదు.

మొదటి భాగంలో జవాబు మూడు నాలుగు వాక్యాలుంటే సరిపోతుంది. మీరు మాట్లాడుతుండగా ఎగ్జామినర్ ఆపి తర్వాతి ప్రశ్నకు వెళ్తే బెదరకండి. వాళ్లకు నిమిషాల లెక్క ఉంటుంది, బాగా మాట్లాడేవాళ్లనీ ఆపుతారు.

ఒక పని చెయ్యండి. కాగితం మీద ఏమీ రాయొద్దు. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, మీరు పైన తెలుగులో రాసిన ఆ మొదటి మాటే, ఈడీటీఏ క్లాట్ అయినప్పుడు మీరేం చేస్తారో ఇంగ్లిష్‌లో చెప్పండి. తడబడినా ఆపొద్దు. విని, ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెట్టండి. సరిచేసి పెట్టొద్దు.


ఊదామూత:

షిఫ్ట్ ఆపరేటర్ గారూ, చాలా థ్యాంక్సండి. రాత్రి డ్యూటీ అయ్యాక రికార్డ్ చేశాను. మధ్యలో "అఁ... అఁ..." అన్నవి తీసేసి, మిగతాది యథాతథంగా పెడుతున్నాను.

"ఐ యామ్ వర్కింగ్ ఇన్ ల్యాబ్ సిన్స్ సిక్స్ ఇయర్స్. డైలీ మార్నింగ్ సో మెనీ శాంపిల్స్ విల్ కమ్. ఫస్ట్ ఐ విల్ చెక్ ద లేబుల్. దెన్ పర్పుల్ ట్యూబ్, ఐ విల్ పుట్ వన్ థిన్ వుడెన్ స్టిక్ ఇన్‌సైడ్ అండ్ సీ ఎనీ క్లాట్ ఈజ్ దేర్. ఇఫ్ క్లాట్ ఈజ్ దేర్, మెషీన్ విల్ గివ్ లో ప్లేట్‌లెట్స్, బట్ ఇట్ ఈజ్ నాట్ ట్రూ. సో ఐ కాల్డ్ ద వార్డ్ అండ్ ఆస్కెడ్ ఫర్ న్యూ శాంపిల్. నర్స్ విల్ గెట్ యాంగ్రీ, బికాజ్ పేషెంట్ ఈజ్ ఆల్‌రెడీ క్రయింగ్. బట్ ఐ కాంట్ గివ్ దట్ రిపోర్ట్. డాక్టర్ విల్ గివ్ ట్రీట్‌మెంట్ బై సీయింగ్ మై నంబర్."

ఇంత మాట్లాడగలనని నేనే అనుకోలేదు. కానీ తప్పులు చాలా ఉన్నాయని తెలుస్తోంది. ఎక్కడెక్కడో మీరే చెప్పండి.


షిఫ్ట్ ఆపరేటర్:

చదివి చాలా సంతోషం వేసింది. ముందు ఇందులో ముట్టుకోకూడనివి చెబుతాను. ఆ సన్నటి చెక్కపుల్ల. ఏడుస్తున్న పేషెంట్, విసుక్కునే నర్సు. "ఇట్ ఈజ్ నాట్ ట్రూ" అన్న చిన్న వాక్యం. అన్నింటికన్నా చివరి వాక్యం, డాక్టర్ నా అంకె చూసి వైద్యం చేస్తారన్నది. మీ ఉద్యోగం ఎందుకు ముఖ్యమో ఏ విశేషణమూ లేకుండా చెప్పేశారు. ఎవరైనా వీటికి బదులు పెద్ద పదాలు పెట్టమంటే వినకండి.

ఇక దిద్దుబాట్లు. అన్నీ కలిపి చూస్తే మీవి రెండు మూడు అలవాట్లే, అవే తిరిగి తిరిగి వస్తున్నాయి.

మొదటిది "విల్". మన "వస్తాయి" రోజూ వచ్చేవాటికీ పనికొస్తుంది, రేపు వచ్చేవాటికీ పనికొస్తుంది. అందుకని రోజూ చేసే పనికి కూడా మన నోట "విల్" పడుతుంది. ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు ఇది ప్రతి వాక్యంలోనూ దూరుతుంది కాబట్టి వినేవాళ్లకు కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. "శాంపిల్స్ కమ్ ఇన్", "ఐ చెక్ ద లేబుల్", "ఐ పుట్ ఎ థిన్ వుడెన్ స్టిక్ ఇన్‌సైడ్" అనండి చాలు. ఈ ఒక్కటి సరిచేసుకుంటే మీ జవాబులో సగం తప్పులు పోతాయి.

రెండోది "సిన్స్ సిక్స్ ఇయర్స్". ఎంతకాలంగా అని చెప్పేటప్పుడు "ఫర్", ఎప్పటినుంచి అని చెప్పేటప్పుడు "సిన్స్". ముందున్న క్రియ కూడా మారాలి: "ఐ హావ్ బీన్ వర్కింగ్ ఇన్ ఎ హాస్పిటల్ ల్యాబ్ ఫర్ సిక్స్ ఇయర్స్." ఈ వాక్యం పరీక్షలో దాదాపు తప్పకుండా చెప్పాల్సి వస్తుంది, అందుకని నోటికి బాగా అలవాటు చేసుకోండి. ఒక్క వాక్యం బట్టీ పట్టడంలో తప్పు లేదు.

మూడోది, రోజూ జరిగేది చెబుతూ చెబుతూ ఒక్కసారిగా "ఐ కాల్డ్" అని గతంలోకి వెళ్లారు. గతంలోకి వెళ్లాలనుకుంటే తలుపు తెరిచి వెళ్లండి: "లాస్ట్ వీక్, ఫర్ ఎగ్జాంపుల్, ఐ హ్యాడ్ టు కాల్ ద చిల్డ్రన్స్ వార్డ్..." ఇలా వెళ్తే అది తప్పు కాదు సరికదా, మీకు రెండు కాలాలూ వచ్చని చూపించినట్టు అవుతుంది. మొదట రోజూ ఏం జరుగుతుందో చెప్పి, ఆ తర్వాత ఒక రోజు ఏం జరిగిందో చెప్పడం ఉద్యోగం ప్రశ్నకు చాలా బాగా కుదురుతుంది.

ఉచ్చారణ ఒకటి. మీరు "ఆస్కెడ్" అని రాశారు, అలాగే పలికి ఉంటారు. అది "ఆస్క్ట్". "చెక్డ్" కూడా పలికేటప్పుడు "చెక్ట్". చివర టి గానీ డి గానీ శబ్దం ఉన్న క్రియలకే "ఇడ్" వస్తుంది, "క్లాటెడ్", "నీడెడ్" లాగా. మీ పనిలో చెక్, లేబుల్, మిక్స్, కాల్, రిపీట్, రిపోర్ట్ అన్న క్రియలు రోజూ వస్తాయి. వాటి గతకాలం ఆరింటినీ ఒకసారి గట్టిగా పలికి చూడండి. "మిక్స్ట్", "రిపీటెడ్" అలా. యాస ఉందని ఎవరూ మార్కులు తియ్యరు, అర్థం కావడమే ముఖ్యం. కానీ క్రియ చివర తేడాగా పలికితే అది యాసలా వినపడదు, తప్పులా వినపడుతుంది.

"ఎ", "ద" గురించి ఇప్పుడు కంగారు పడొద్దు. నెల రోజుల్లో అవి పూర్తిగా కుదరవు, వాటి వెంట పడితే మాట ఆగిపోతుంది. మాట ఆగడం కన్నా ఒక "ద" పోవడం నయం.

ఇంకో మాట. ఈ ఒక్క సంఘటన మీకు చాలాచోట్ల పనికొస్తుంది. "వై డూ యూ లైక్ యువర్ జాబ్?" అన్నా ఇదే. "వాట్స్ డిఫికల్ట్ అబౌట్ ఇట్?" అన్నా ఇదే, ఈసారి నర్సు కోపం వైపు నుంచి. రెండో భాగంలో ఓపికగా ఉండాల్సి వచ్చిన సందర్భమో, ముఖ్యమైన ఫోన్ కాలో, నేర్చుకున్న నైపుణ్యమో వస్తే ఇదే రెండు నిమిషాలకు సాగుతుంది. ట్యూబ్‌ని గట్టిగా కుదపకుండా మెల్లగా తిరగేసి కలపాలని ఎవరు నేర్పారు, ఎలా నేర్పారు అన్నది చెప్పినా చాలు. మూడో భాగంలో యంత్రాలు మనుషుల ఉద్యోగాలు తీసేస్తాయా అని అడిగితే మీ దగ్గర పత్రికల్లో చదివిన అభిప్రాయం కాదు, సొంత జవాబు ఉంది: మెషీన్ కణాలను లెక్కపెడుతుంది, ఆ అంకెను నమ్మొచ్చా లేదా అని పుల్ల పెట్టి చూసేది మీరు. బట్టీ పట్టొద్దు అన్నాను కదా అని ఇది దానికి విరుద్ధం అనుకోకండి. వాక్యాలు గుర్తుపెట్టుకోవద్దు, సంఘటన గుర్తుంటే చాలు. ప్రతిసారీ కొత్త వాక్యాల్లో చెప్పండి.


రాత్రి వార్డు:

నేను నర్సుని. ఫోన్‌లో కోప్పడేది మేమేనండి, ఊదామూత గారూ :) కానీ మీరు చెప్పింది అక్షరాలా నిజం. మీరు ఆ రిపోర్టు ఆపకపోతే ఇబ్బంది పడేది మా పేషెంటే.

నేను ఓఈటీ రాశాను. అది వైద్యవృత్తుల వాళ్లకోసమే పెట్టిన పరీక్ష. అందులోనూ స్పీకింగ్ మొదలయ్యే ముందు మీ ఉద్యోగం, అనుభవం గురించి కాసేపు మామూలుగా మాట్లాడిస్తారు, కానీ దానికి మార్కులు లేవు. గొంతు సర్దుకోవడానికే. ఆ తర్వాత రెండు రోల్‌ప్లేలు (ఎదుటివాళ్లు పేషెంట్‌లా మాట్లాడితే మనం మన వృత్తిలో ఉన్నట్టే జవాబివ్వాలి), ఒక్కోదానికి మూడు నిమిషాలు చదువుకునే టైమ్, సుమారు ఐదు నిమిషాల సంభాషణ. ఓఈటీ రాసే వీలున్న 12 వృత్తుల్లో నర్సింగ్, ఫార్మసీ, రేడియోగ్రఫీ ఉన్నాయి గానీ ల్యాబ్ టెక్నీషియన్ లేదు. అందుకే మీకు ఐఈఎల్‌టీఎస్సే.

హాస్పిటల్‌లో పనిచేసేవాళ్లకి ఒక జాగ్రత్త చెప్పాలి. సంఘటనలు చెప్పమన్నారు కదా అని పేషెంట్ పేరు, ఫలానా మనిషి అని గుర్తుపట్టే వివరాలు చెప్పొద్దు. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ అంతా రికార్డవుతుంది. పరీక్ష సంగతి పక్కన పెట్టినా అది మన వృత్తిధర్మం. "ఎ చైల్డ్", "యాన్ ఎల్డర్లీ పేషెంట్" అంటే సరిపోతుంది.

ఇంకొకటి, "డ్యూటీ". మనం రోజుకి ఇరవైసార్లు అంటాం. "ఐ హావ్ నైట్ డ్యూటీ" అంటే తప్పేం కాదు, కానీ ప్రతి వాక్యంలో అదే వస్తే వినడానికి ఒకే రాగంలా ఉంటుంది. "ఐ వర్క్ నైట్స్", "వెన్ ఐ యామ్ ఆన్ ద నైట్ షిఫ్ట్" అని మార్చి మార్చి అనండి.


ఇంటిలెక్కలు:

నాదీ ఇలాంటి ప్రశ్నే, ఇక్కడే అడుగుతున్నాను. నేను అకౌంట్స్‌లో చేసేదాన్ని. పాప పుట్టాక మానేశాను. "డూ యూ వర్క్ ఆర్ ఆర్ యూ ఎ స్టూడెంట్?" అంటే రెండూ కాదు. ఏం చెప్పను? ఉద్యోగం లేదంటే చులకనగా చూస్తారేమోనని బెంగగా ఉంది.


షిఫ్ట్ ఆపరేటర్:

చులకన అన్న మాటే మనసులోంచి తీసెయ్యండమ్మా. దానికీ మార్కులకీ సంబంధం లేదు. ఉన్నది చెప్పండి: "నైదర్, ఎట్ ద మొమెంట్. ఐ యామ్ లుకింగ్ ఆఫ్టర్ మై డాటర్, బట్ బిఫోర్ దట్ ఐ వర్క్డ్ ఇన్ అకౌంట్స్." ఇంతలోనే మీరు వర్తమానం, గతం రెండూ తెచ్చేశారు. ఎగ్జామినర్ దాన్ని పట్టుకుని పాత ఉద్యోగం గురించి అడగొచ్చు, లేదా వేరే విషయానికి వెళ్లొచ్చు.

పాత ఉద్యోగం గురించి అడిగితే మీకు "యూజ్డ్ టు" బాగా పనికొస్తుంది. నెలాఖరులో బ్యాంక్ స్టేట్‌మెంటూ పుస్తకాలూ ఎదురెదురుగా పెట్టుకుని ఒక్కో ఎంట్రీ పోల్చి చూసేవాళ్లు కదా, అది చెప్పండి. "ఎట్ ద ఎండ్ ఆఫ్ ఎవ్రీ మంత్ ఐ యూజ్డ్ టు గో త్రూ ద బ్యాంక్ స్టేట్‌మెంట్ లైన్ బై లైన్." ఒక్క ఎంట్రీ కలవకపోతే ఏం చేసేవారు? దానికి జవాబు చెప్పడం మొదలుపెడితే మీరే ఆగరు.


ఊదామూత:

రాత్రి వార్డు గారూ, ఆ ఫోన్ గురించి మీరు రాసింది చదివాక మనసు తేలికపడింది :)

ఫ్రెండ్‌తో మళ్లీ కూర్చున్నాను. ఈసారి తను "వాట్ హ్యాపెన్స్ ఇఫ్ ద నర్స్ రెఫ్యూజెస్?" అని అడిగింది. అది నేను అనుకోని ప్రశ్న. అయినా చెప్పగలిగాను, ఎందుకంటే అలా నిజంగా జరుగుతుంటుంది. అప్పుడు మా సీనియర్ మాట్లాడతారు. "విల్" ఇంకా దొర్లుతోంది గానీ దొర్లినప్పుడు నాకే తెలుస్తోంది.

ఇంకో రెండు అడిగి ఆపేస్తాను. "డూ యూ లైక్ యువర్ జాబ్?" అంటే నిజం చెప్పొచ్చా? పని ఇష్టమే, రాత్రి షిఫ్టులు ఇష్టం లేదు. అన్నీ బాగున్నాయనే చెప్పాలా? ఇంకొకటి, ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడిగితే మార్కులు పోతాయా?


షిఫ్ట్ ఆపరేటర్:

నిజం చెప్పండి. "అన్నీ బాగున్నాయి" అంటే జవాబు ఒక్క వాక్యంలో అయిపోతుంది. ఇష్టమైనది, ఇష్టం లేనిది రెండూ చెబితే వాటిని కలపడానికి "ఆల్దో", "ఆన్ ద అదర్ హ్యాండ్", "వాట్ ఐ ఫైండ్ హార్డ్ ఈజ్" లాంటివి వాటంతట అవే వస్తాయి. "ఐ లైక్ ద వర్క్ ఇట్‌సెల్ఫ్, బట్ ఐ హావ్ నెవర్ గాట్ యూజ్డ్ టు నైట్ షిఫ్ట్స్. బై ఫోర్ ఇన్ ద మార్నింగ్ ఐ హావ్ టు రీడ్ ఈచ్ లేబుల్ ట్వైస్." ఇది మీ జవాబే, నేను పేర్చాను అంతే. మీరు మీ మాటల్లో చెప్పుకోండి. ఒక్క హద్దు పెట్టుకోండి: ఫలానా హాస్పిటల్, ఫలానా మేనేజర్ అని పేర్లు పెట్టి ఫిర్యాదులోకి దిగొద్దు. అక్కడ కోపం వచ్చి వాక్యాలు తెగిపోతాయి.

ప్రశ్న మళ్లీ అడగమంటే భయం లేదు. "సారీ, కుడ్ యూ సే దట్ అగెయిన్?" అని ఒకటి రెండుసార్లు అడగడం మామూలు సంభాషణలో భాగమే. మొదటి భాగంలో ఎగ్జామినర్ అదే ప్రశ్నను మళ్లీ చదువుతారు, మార్చి వివరించే వీలు వాళ్లకు పెద్దగా ఉండదు. మూడో భాగంలో అయితే "డూ యూ మీన్ ఇన్ హాస్పిటల్స్, ఆర్ ఇన్ జనరల్?" అని మీరే తేల్చుకోవచ్చు. అర్థం కాకుండా ఊహించి ఏదో చెప్పడమే నష్టం, జవాబు పక్కదారి పడుతుంది.

వచ్చే వారం మీ ఫ్రెండ్‌ని వరుస మార్చి అడగమనండి. ఉద్యోగం ప్రశ్న చివర్లో, ముందు వేరేవి. ఒక్కోరోజు ఒక్కో సంఘటన తీసుకోండి. పుల్ల సంగతి అయ్యింది కాబట్టి, రేపు ఆ ఎర్రబారిన సీరం, పొటాషియం ఫోన్ సంగతి రికార్డ్ చేసి పెట్టండి. హీమోలైజ్ అన్న పదం వాడకుండా చెప్పి చూడండి. చూసి రాస్తాను.